సొసైటీ అప్పు మీ మీదికి వస్తుందా? నోటీసు అందుకున్న ప్రెసిడెంట్లు, డైరెక్టర్లు, కార్యదర్శులు వరసగా చేయాల్సినవి

"సొసైటీ డీసీసీబీకి (జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకి) బాకీ పడింది. నేను ప్రెసిడెంటుగా చేశాను కదా, నా పొలం వేలం వేస్తారా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పదవి దిగి ఏళ్లు గడిచినవాళ్లు అడుగుతారు, పేరుకి డైరెక్టరుగా ఉండి మీటింగుకి వెళ్లి టీ తాగి వచ్చినవాళ్లూ అడుగుతారు.

ముందు సూటి జవాబు. రిజిస్టరైన సొసైటీ చట్టం దృష్టిలో వేరే మనిషి. దాని అప్పు దానిదే. కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఆ అప్పు మీ ఇంటికి రాదు. మీ సంతకమో మీరు చేసిన పనో ఉంటేనే వస్తుంది. దానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి: గ్యారంటీ, చెక్కు లేదా ప్రోనోటు, సర్‌ఛార్జి (సొసైటీకి కలిగిన నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టే ఉత్తర్వు), డిపాజిటర్ల కేసు. మీకొచ్చిన నోటీసు వీటిలో ఏ దారిలో వచ్చిందో తేల్చుకోకుండా జవాబు రాస్తే, లేని బాధ్యతని మీరే నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది.

ఇక్కడ రాసింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సొసైటీల గురించి. రెండుచోట్లా ప్యాక్స్ (ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు), హౌసింగ్ సొసైటీల వంటివాటికి 1964 నాటి సహకార సంఘాల చట్టమే మూలం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు, సవరణలతో సహా బైలా
- వచ్చిన నోటీసు, దాని కవరు (అందిన తేదీకి రుజువు కవరే, పారేయకండి)
- మీరు ఎన్నికైన తేదీ, చార్జి తీసుకున్న తేదీ, అప్పగించిన తేదీ చూపే కాగితాలు
- మీ హయాంలోని పాలకవర్గ తీర్మానాలు, మహాజన సభ తీర్మానాలు
- అప్పు కాగితాల పూర్తి సెట్టు: మంజూరు లేఖ, ఒప్పందం, గ్యారంటీ పత్రం
- ఆ సంవత్సరాల ఆడిట్ రిపోర్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాడేసిన చెక్కుబుక్కుల కౌంటర్‌ఫాయిల్స్

దిగిపోయినవాళ్లకి రికార్డు చేతిలో ఉండదు, కొత్త పాలకవర్గం ఇవ్వదు. అలాంటప్పుడు ముందు సొసైటీకి రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే జిల్లా సహకార అధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు అందని సొసైటీ నేరుగా సమాచార హక్కు చట్టం కిందికి రాదని 2013లో సుప్రీంకోర్టు కేరళ కేసులో తేల్చింది. కానీ రిజిస్ట్రార్ దగ్గరున్న సమాచారం, చట్టప్రకారం ఆయన తెప్పించుకోగల సమాచారం అడగొచ్చని ఆ తీర్పులోనే ఉంది. ఆడిట్ రిపోర్టులు, విచారణ నివేదికలు చాలావరకు అలా చేతికొస్తాయి. జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి నోటీసు అందిన వారంలోనే దరఖాస్తు వేసేయండి.

1. సొసైటీ ఏ చట్టం కింద ఉందో చూడండి

సర్టిఫికెట్‌లో 1964 అని ఉందా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం అని ఉందా? పొదుపు సంఘాలు, కొన్ని డెయిరీలు రెండో దాని కింద రిజిస్టరయ్యాయి. 1964 చట్టం 60వ సెక్షను ప్రకారం సర్‌ఛార్జి అంటూ 1995 చట్టం సొసైటీ వాళ్లకి నోటీసు వస్తే, ఆ అధికారం మీకెక్కడిదన్నదే మీ మొదటి అభ్యంతరం. దాన్ని జవాబులో మొదటి పేరాలోనే రాయండి.

బైలాలో "బాధ్యత" అనే క్లాజు కూడా చదవండి. పరిమిత బాధ్యత సొసైటీలో సభ్యుడి బాధ్యత షేరు ధనం వరకో, దానికి ఇన్ని రెట్లనో రాసి ఉంటుంది. అది సభ్యుడిగా మీ లెక్క. పదవిలో ఉన్నందుకు వచ్చే లెక్క వేరు, రెండూ కలిపేయకండి.

2. నోటీసు ఏ దారిలో వచ్చిందో గుర్తించండి

"అధ్యక్షుడు, ఫలానా సంఘం" అని సొసైటీ చిరునామాకి వస్తే అది సొసైటీకి వచ్చిన నోటీసు. ఇప్పుడు మీరు పదవిలో లేకపోతే, లేనని ఒక్క వాక్యంలో తెలిపి సొసైటీకి పంపేయండి. మీ పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరుతో వస్తేనే మీదాకా వచ్చినట్టు. అప్పుడు లోపల ఏ మాట ఉందో వెతకండి:

- "హామీదారు", "గ్యారంటీ": 4వ మెట్టుకి వెళ్లండి
- "చెక్కు నంబరు", "138" (చెక్కు బౌన్స్ సెక్షను): 5వ మెట్టుకి
- "సెక్షన్ 51 విచారణ", "సెక్షన్ 60", "సర్‌ఛార్జి": 6వ మెట్టుకి
- డిపాజిటర్ల ఫిర్యాదు, పోలీసు నోటీసు: లాయర్ని పెట్టుకోకుండా ఒక్క కాగితం కూడా రాసివ్వకండి. ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకుని తిరిగివ్వని సంస్థల మీద 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద కేసులు పడతాయి. నిర్వాహకుల సొంత ఆస్తుల జప్తు దాకా వెళ్తుంది.

3. మీ సంతకం ఎక్కడుందో, ఎలా ఉందో చూడండి

మీరు సంతకం పెట్టిన ప్రతి కాగితం నకలు ముందేసుకోండి. సొసైటీ పేరు పైన ఉండి, కింద మీ సంతకం, దాని కింద "అధ్యక్షుడు" అని హోదా ఉంటే అది సొసైటీ సంతకం. ఇలా:

ఫలానా ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం తరఫున
(సంతకం)
అధ్యక్షుడు, సంఘం ముద్ర

ప్రోనోటు మీదో చెక్కు మీదో ఒట్టి సంతకం పెట్టి ఊరుకున్నారంటే చిక్కే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షను ప్రకారం, తాను ఇంకొకరి తరఫున పెడుతున్నానని కాగితం మీద చూపకుండా సంతకం పెట్టినవాడు సొంతంగా బాధ్యుడవుతాడు. ఎరువుల డీలరు దగ్గర సరుకు తెచ్చి "ఓ ప్రోనోటు రాసివ్వండి సార్" అంటే రాసిచ్చే సంతకాల్లోనే ఈ తప్పు ఎక్కువ. ముద్ర తర్వాత వేద్దాంలే అనుకుంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఒకే అప్పు ఫైల్లో ఒకే మనిషి రెండు సంతకాలు కనిపిస్తాయి: ఒప్పందం మీద అధ్యక్షుడిగా, గ్యారంటీ పత్రం మీద వ్యక్తిగా. బ్యాంకులో "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తుంటే చదవకుండా పెట్టేసినవి ఇవే. మీ ఫైల్లో రెండోది ఉందో లేదో పేజీ పేజీ తిప్పి చూడండి. లేకపోతే బ్యాంకుకి రెండు లైన్ల జవాబు చాలు: "సదరు అప్పుకి నేను వ్యక్తిగత హామీ ఇవ్వలేదు. ఇచ్చినట్లయితే ఆ పత్రం నకలు పంపగలరు."

4. గ్యారంటీ ఉంటే

కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే. "ముందు సొసైటీ ఆస్తులు అమ్ముకుని మిగిలితే నా దగ్గరికి రండి" అనే వాదన నిలబడదు. నిలబడే వాదనలు వేరే ఉన్నాయి. వీటిని వెతకండి:

- మీకు చెప్పకుండా అప్పు షరతులు మార్చారా? వడ్డీ పెంచడం, పరిమితి పెంచడం, రీషెడ్యూల్ చేయడం. 133వ సెక్షను కింద మార్పు తర్వాతి లావాదేవీలకి మీ బాధ్యత పోతుంది. అయితే చాలా బ్యాంకుల పత్రాల్లో "మార్పులకు ముందే సమ్మతి" అనే క్లాజు అచ్చయి ఉంటుంది. ముందు దాన్ని చూడండి.
- తాకట్టు సరుకునో ఆస్తినో బ్యాంకే వదిలేసిందా? 141వ సెక్షను కింద దాని విలువ మేరకు మీ బాధ్యత తగ్గుతుంది.
- ఇంకెవరెవరు హామీదారులు? ఒకే మొత్తానికి నలుగురు సంతకం పెట్టి మీరొక్కరే కట్టాల్సి వస్తే, 146వ సెక్షను కింద మిగతా ముగ్గురి వాటా వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చు.

ఏటేటా కొత్తయ్యే క్యాష్ క్రెడిట్ లాంటివాటికి ఇచ్చింది కొనసాగే గ్యారంటీ. 130వ సెక్షను కింద నోటీసిచ్చి, ఇకపై జరిగే లావాదేవీలకి దాన్ని రద్దు చేసుకోవచ్చు. అప్పటిదాకా పేరుకున్నది మాత్రం పోదు. పదవికి రాజీనామా చేస్తే గ్యారంటీ కూడా రద్దయిందనుకోవడం పెద్ద పొరపాటు. రాజీనామా సొసైటీకి, రద్దు నోటీసు బ్యాంకుకి. రెండూ వేర్వేరు కాగితాలు.

ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే ఇంకా జాగ్రత్త. 2020 మేలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సహకార బ్యాంకులు సర్ఫేసీ చట్టం (కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకునే చట్టం) వాడుకోవడంలో అనుమానం లేదు. 13(2) నోటీసులో 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు మీ అభ్యంతరం రాతలో ఇస్తే, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. బ్యాంకు స్వాధీన చర్య మొదలుపెడితే, డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి) వెళ్లడానికి 45 రోజులు. వ్యవసాయ భూమి మీద పెట్టిన తాకట్టుకి ఆ చట్టం వర్తించదు, కాబట్టి నోటీసులోని సర్వే నంబరు సాగుభూమిదైతే మొదట అదే ఎత్తిచూపండి.

మరో హెచ్చరిక: గ్యారంటీ నోటిమాటగా కూడా చెల్లుతుంది, 126వ సెక్షను ఆ మాట స్పష్టంగా అంటుంది. డీలరుకి వాట్సాప్‌లో "సొసైటీ ఇవ్వకపోతే నేను చూసుకుంటా" అని పంపిన ముక్క రేపు సాక్ష్యంగా ముందుకొస్తుంది.

5. చెక్కు నోటీసైతే తేదీలు లెక్కపెట్టండి

చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు అవతలివాళ్లు నోటీసివ్వాలి. మీకు అందాక 15 రోజుల్లో సొమ్ము కట్టాలి. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు వాళ్లు కోర్టుకి వెళ్లాలి. కవరు మీద పోస్టల్ ముద్ర తేదీ, మీరు అందుకున్న తేదీ రాసిపెట్టుకోండి.

ఖాతా సొసైటీదైతే సొసైటీని కూడా ముద్దాయిగా చేర్చకుండా మీ ఒక్కరి మీద కేసు నడవదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. సంతకం పెట్టిన వ్యక్తి మాత్రం తేలిగ్గా బయటపడలేడు. సంతకం పెట్టని డైరెక్టరు మీద కేసు నిలవాలంటే, ఆ రోజుల్లో వ్యవహారం అతని చేతిలోనే నడిచిందని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. 2005 తీర్పు అదే చెబుతుంది. ఫిర్యాదు నకలు రాగానే మీ పేరున్న పేరాలు చదివి, ఆ మాట ఉందో లేదో చూడండి.

ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి కార్యదర్శి దగ్గర వదిలి వెళ్లే అలవాటు చాలా సొసైటీల్లో ఉంది. దిగిపోయాక ఆ చెక్కు బయటికొస్తే, అది ఏ బాకీకీ ఇచ్చింది కాదని నిరూపించే బరువు మీ మీదే పడుతుంది. ఇప్పుడే పాత చెక్కుల నంబర్లు రాసి బ్యాంకుకి స్టాప్ పేమెంట్ లేఖ ఇప్పించండి.

6. సర్‌ఛార్జి నోటీసుకి జవాబు

జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నోటీసు చూసి భయపడి "నాకేమీ తెలియదు, అంతా కార్యదర్శే చూసుకునేవాడు" అని అర పేజీ రాసిస్తారు. ఆ వాక్యమే నిర్లక్ష్యానికి మీ చేతి రాతగా ఉత్తర్వులోకి ఎక్కుతుంది.

60వ సెక్షను కింద పట్టుకోవడానికి అడ్డదిడ్డమైన కారణం చాలదు. ఆడిట్‌లోనో, 51 విచారణలోనో, 52 తనిఖీలోనో, లిక్విడేషన్‌లోనో బయటపడి ఉండాలి. సొమ్ము కాజేయడం, మోసంతో ఉంచుకోవడం, నమ్మకద్రోహం, ఉద్దేశపూర్వక నిర్లక్ష్యంతో ఆస్తికి లోటు తేవడం, చట్టానికీ బైలాకీ విరుద్ధంగా చెల్లింపు చేయడం, వీటిలో ఒకటై ఉండాలి. వ్యాపారంలో నష్టం రావడం, వానల్లేక రైతులు బాకీ కట్టకపోవడం ఇందులోకి రావు. చట్టం వాడిన మాట ఉత్త నిర్లక్ష్యం కాదు, ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం. జవాబంతా ఈ గీత మీదే నడవాలి.

చేయాల్సిన వరస ఇది:

(అ) మొదటి లేఖలో జవాబు రాయకండి. విచారణ నివేదిక పూర్తి ప్రతి, దానికి జోడించిన వాంగ్మూలాలు, లెక్కల షీట్లు అడిగి, అవి అందాక జవాబుకి గడువు కోరండి. గడువు కోరే లేఖ నోటీసులో ఉన్న తేదీకి ముందే చేరాలి. మీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉత్తర్వు వేయకూడదు, ఆ హక్కుకి రుజువు ఈ లేఖే.

(ఆ) ప్రతి అంశాన్నీ మీ పదవీకాలంతో కోయండి. నోటీసులో 12 అంశాలుంటే, కొన్ని మీరు రాకముందో వెళ్లాకో జరిగినవే ఉంటాయి. తేదీ, ఓచరు నంబరు, మొత్తం, ఆ రోజు పదవిలో ఎవరు అని నాలుగు గళ్ల పట్టిక వేసి జతచేయండి.

(ఇ) లోటు నిజంగా లోటేనా అని లెక్క తిరగేయండి. ఉదాహరణకి యూరియా. ప్రారంభ నిల్వ 200 బస్తాలు, వచ్చినవి 1,800, రిజిస్టరు ప్రకారం అమ్మినవి 1,850. ఉండాల్సినవి 150, గోడౌన్లో ఉన్నవి 90. తరుగు 60 బస్తాలు, బస్తా 266.50 చొప్పున 15,990 రూపాయలని మీ మీద రాశారనుకుందాం. ఈ-పాస్ మిషన్ రిపోర్టు తీయండి. అందులో అమ్మకం 1,910 అని ఉంటే సరుకు పోలేదు, అమ్మకం రిజిస్టరుకి ఎక్కలేదు. అప్పుడు ప్రశ్న గోడౌన్ నుంచి క్యాష్‌బుక్కుకి మారుతుంది: ఆ 60 బస్తాల డబ్బు ఎవరి చేతికి వచ్చింది? అరువుకి పోయి ఉంటే ఏ రైతుల పేరున? వడ్ల కొనుగోలు కేంద్రం తరుగుకీ ఇదే పద్ధతి. ట్రక్ షీట్, మిల్లు దిగుమతి రసీదు, తేమ కోత పక్కపక్కన పెట్టి చూడండి.

(ఈ) నగదు, తాళాలు ఎవరి దగ్గర ఉండాలో బైలాలో ఏముందో ఎత్తిరాయండి. అంతటితో ఆగకుండా, మీరు చేసిన పర్యవేక్షణకి రుజువు పెట్టండి: నిల్వ తనిఖీ చేసిన తేదీలు, ఆడిట్ లోపాలు సరిచేయమని కార్యదర్శికిచ్చిన మెమోలు, అసమ్మతి నమోదైన తీర్మానాలు. తనిఖీ చేసి సంతకం పెట్టిన రిజిస్టరు పేజీ ఒక్కటి పది పేజీల వాదన కన్నా ఎక్కువ పని చేస్తుంది.

(ఉ) "అందరూ ఉమ్మడిగా" అని మొత్తం వేస్తే, ఎవరి చర్యకి ఎంతో విడదీయమని అడగండి. మీటింగుకి రాని డైరెక్టరు, వచ్చి వద్దన్న డైరెక్టరు, చెక్కు మీద సంతకం పెట్టిన అధ్యక్షుడు ఒకే గాటన కట్టదగినవాళ్లు కారు. ఈ అడుగుడు జవాబులోనే ఉండాలి. అప్పీల్లో మొదటిసారి అడిగితే బలం తగ్గుతుంది.

చివర "వ్యక్తిగత విచారణ కోరుతున్నాను" అని రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోండి. స్పీడ్ పోస్టులో పంపితే అందిన రుజువు దాచండి.

సర్‌ఛార్జి కట్టేస్తే క్రిమినల్ కేసు పోతుందని కొందరు నమ్మబలుకుతారు. పోదు. 60వ సెక్షను చర్యకీ క్రిమినల్ కేసుకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. 2024 జులై 1 నుంచి జరిగిన నమ్మకద్రోహ నేరాలకి భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను వర్తిస్తుంది.

7. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే

60 కింద ఉత్తర్వు మీద అప్పీలు 76వ సెక్షను కింద సహకార ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. గడువు ఉత్తర్వు మీకు అందిన రోజు నుంచి నడుస్తుంది, కాబట్టి ధ్రువీకృత నకలుకి ఆ రోజే దరఖాస్తు చేయండి. అప్పీలు వేసినంతనే వసూలు ఆగిపోదు. స్టే పిటిషను విడిగా, అప్పీలుతోపాటే వేయాలి. ఇది మరిచి, అప్పీలు పెండింగ్‌లో ఉండగానే జప్తు నోటీసు అందుకున్నవాళ్లున్నారు.

8. ఎక్కువగా జరిగే పొరపాట్లు

- "కాస్త టైమివ్వండి, కట్టేస్తాను" అని సొంత పేరుతో రాసివ్వడం. గడువు తీరకముందు అలా ఒప్పుకుంటే లిమిటేషన్ (దావా వేసే గడువు) లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.
- సొసైటీ బాకీ సొంత ఖాతా నుంచి కట్టి ఊరుకోవడం. కట్టక తప్పకపోతే ఏ హోదాలో, ఏ అప్పుకి, ఎంత కట్టారో లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. లేకపోతే తర్వాత సొసైటీ దగ్గర రాబట్టుకోలేరు.
- రాజీనామా ప్రెసిడెంటు చేతికిచ్చి వచ్చేయడం. తీర్మానంలో ఆమోదమైనట్టు నకలు తీసుకోండి, జిల్లా సహకార అధికారికి ఒక ప్రతి పంపండి.
- చార్జి లిస్టు లేకుండా తాళాలు అప్పగించడం. నగదు నిల్వ, బ్యాంకు నిల్వలు, వాడని చెక్కుల నంబర్లు, సరుకు నిల్వ, పుస్తకాల జాబితా రాసి ఇద్దరి సంతకాలతో ఒక ప్రతి ఇంట్లో పెట్టుకోండి.

9. బయటపడ్డారో లేదో సరిచూసుకోవడం

బ్యాంకు మేనేజరు "అయిపోయింది లెండి" అంటే అయిపోయినట్టు కాదు. ఇవి చేతికి రావాలి లేదా కంటికి కనపడాలి:

- అప్పు ఖాతా నంబరుతో హామీ విడుదల లేఖ, తాకట్టు పెట్టిన అసలు దస్తావేజులు
- ఖాతా సంతకందారుల జాబితా నుంచి మీ పేరు తీసేసినట్టు బ్యాంకు లేఖ
- మీ సిబిల్ రిపోర్టు. హామీదారుగా ఉన్న అప్పు కూడా అందులో కనిపించొచ్చు. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం.
- మీ ఇంటికీ పొలానికీ తాజా ఈసీ. జప్తు ఉత్తర్వు నమోదై ఉంటే అందులో కనిపిస్తుంది.
- ఈ-కోర్ట్స్ సైట్‌లో మీ పేరుతో, సొసైటీ పేరుతో వెతకండి. పేరు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. ఇంటిపేరు ముందుంటే ఒకటి, వెనకుంటే ఇంకొకటి వస్తుంది.

ఈసీ ఒకసారి తీసి ఊరుకోకండి. కేసు నడుస్తున్నంతకాలం మూడు నెలలకోసారి తీసి, పాతదానితో పోల్చి చూడండి.